చైనా టెలికాం కంపెనీలో జూనియర్ నెట్‌వర్క్ ఇంజనీర్‌గా రియాద్ వెళ్లొచ్చా?

ప్రశ్న క్లుప్తంగా: కరీంనగర్ నుంచి ఒకరు అడిగారు. ఈసీఈలో బీటెక్ అయింది, హైదరాబాద్‌లో ఒక ఎన్‌వోసీలో (నెట్‌వర్క్‌ను రాత్రింబవళ్లు గమనించే కేంద్రం) నైట్ షిఫ్టులు చేస్తున్నారు, సిస్కో వాళ్ల సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ ఉంది. ఒక చైనా టెలికాం కంపెనీ సౌదీలో చేస్తున్న ప్రాజెక్టులో జూనియర్ ఐపీ ఇంజనీర్‌గా ఆఫర్ వచ్చింది. "అక్కడ పని గంటలకు లెక్కే ఉండదంటున్నారు. చైనా పరికరాలు తప్ప ఇంకేమీ రాకుండా పోతాయంటున్నారు. ఇంట్లో అమ్మకు ఇష్టం లేదు. వెళ్లొచ్చా? రోజువారీ పని అసలు ఎలా ఉంటుంది?"

సూటిగా జవాబు: వెళ్లొచ్చు. కానీ సంతకం పెట్టేముందు రెండు సంగతులు రాతలో తేల్చుకోండి. ఒకటి, లైవ్ నెట్‌వర్కులో ఉన్న రౌటర్ మీద మీ చేత్తో పనిచేసే ఉద్యోగమా, లేక రిపోర్టులు చేసే ఉద్యోగమా. రెండు, మీరు ఎవరి పేరోల్ మీద, ఏ వీసా మీద వెళ్తున్నారు. రెండూ సరిగ్గా ఉంటే పని గంటలు ఎక్కువైనా సరే వెళ్లండి. ఈ వయసులో అంత త్వరగా పని నేర్పే చోటు ఇంకొకటి దొరకడం కష్టం. రెండింట్లో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, జీతం ఎంత చెప్పినా వద్దు.

నేను చాలాకాలంగా ఈ కంపెనీల ప్రాజెక్టుల్లోనే ఉన్నాను. హైదరాబాద్ సర్కిల్ ఆఫీసులో మొదలుపెట్టి, తూర్పు ఆఫ్రికాలో చేసి, ఇప్పుడు గల్ఫ్‌లో ఐపీ, ట్రాన్స్‌మిషన్ టీమ్ చూస్తున్నాను. జూనియర్లను ఇంటర్వ్యూ చేసే పని కూడా నాదే. అందుకే మీ ప్రశ్నకు కాస్త వివరంగా రాస్తున్నాను. ఏ కంపెనీయో చెప్పను, అడగొద్దు.

ముందు ఈ ఆఫర్లు సౌదీకే ఎందుకు వస్తున్నాయో చూద్దాం. చైనాలోని షెన్‌జెన్ నగరంలో 1985లో జడ్‌టీఈ, 1987లో హువావే మొదలయ్యాయి. హువావే 1999లోనే బెంగళూరులో ఆర్ అండ్ డీ కేంద్రం పెట్టింది. మన దగ్గర టవర్లు జోరుగా లేస్తున్న రోజుల్లో ఈ కంపెనీల ప్రాజెక్టుల్లో తెలుగు కుర్రాళ్లు బాగానే ఉండేవారు. 2021 మే నెలలో 5జీ ట్రయల్స్‌కు అనుమతులు ఇచ్చినప్పుడు ఆ జాబితాలో చైనా కంపెనీలు లేవు. అదే ఏడాది జూన్ 15 నుంచి, ప్రభుత్వం నమ్మదగినవని గుర్తించిన సోర్సుల నుంచి మాత్రమే ఆపరేటర్లు కొత్త పరికరాలు కొని పెట్టాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. దాంతో ఇక్కడ చైనా కంపెనీలకు మిగిలింది ఎక్కువగా పాత నెట్‌వర్కుల మెయింటెనెన్స్. కొత్తగా కట్టే పని గల్ఫ్‌లో, ఆఫ్రికాలో నడుస్తోంది. జూనియర్ నేర్చుకునేది కట్టే చోటే కాబట్టి, మీకు వచ్చిన ఆఫర్‌లో ఆ రకంగా అర్థం ఉంది.

రోజువారీ పని

మొదటి కొన్ని నెలలు మీకిచ్చే పని చూస్తే నిరుత్సాహం కలగొచ్చు. కొత్త సైట్లకు ఐపీ అడ్రసులు ప్లాన్ షీటులో నింపడం, ఆ షీటు నుంచి స్క్రిప్టులు తయారుచేయడం, రాత్రి బ్యాకప్ పడిందో లేదో చూడడం, అలారాలు క్లియర్ చేయించడం, ఫీల్డ్ టీమ్ పంపిన ఫోటోల్లో కేబుల్ లేబుల్స్ సరిపోల్చడం. మధ్యాహ్నానికి ఒక ఎక్సెల్, సాయంత్రానికి ఇంకొక ఎక్సెల్. "నేను బీజీపీ (నెట్‌వర్కుల మధ్య దారులు చెప్పే ప్రోటోకాల్) చదువుకుని వచ్చింది ఇందుకా" అని చాలామంది నన్ను అడిగారు.

ఈ కాగితాల మీద మేనేజర్లకు అంత పట్టుదల ఎందుకో అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. పరికరం పెట్టి, ఆన్ చేసినంత మాత్రాన కంపెనీకి మొత్తం డబ్బు చేతికి రాదు. టెస్టులు చేసి, ఫలితాలు చూపించి, ఆపరేటర్ చేత యాక్సెప్టెన్స్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టించుకోవాలి. ఆ సంతకం మీదే బిల్లు కదులుతుంది. ఒక్క పోర్టు లేబుల్ తప్పుంటే ఆపరేటర్ ఇంజనీర్ ఆ సైట్‌ను వెనక్కి పంపుతాడు. అందుకే మీ షీటు గురించి రాత్రి పది గంటలకు కూడా మెసేజ్ వస్తుంది.

పోర్టు షీటును చిన్నచూపు చూడకండి. ఏ రౌటర్‌లో ఏ స్లాట్, ఏ పోర్టు, అవతలి చివర ఏ పరికరం, మధ్యలో ఏ ఓడీఎఫ్ (ఫైబర్లను కలిపే ఫ్రేమ్) మీదుగా ఫైబర్ వెళ్తోంది అన్నది తలలో ఉన్న కుర్రాడిని రాత్రి పనికి సీనియర్లు వాళ్లంతట వాళ్లే పిలుస్తారు. అలాగే రిసీవ్ పవర్ (ఫైబర్‌లోంచి అందే కాంతి బలం) తక్కువని అలారం రాగానే ఆప్టికల్ మాడ్యూల్ మార్చమని అడగకుండా, ముందు కనెక్టర్ శుభ్రం చేయించి మళ్లీ చూసేవాడిని కూడా. పది కిలోమీటర్ల 10 గిగా ఎల్ఆర్ మాడ్యూల్‌కు స్టాండర్డ్ ప్రకారం మైనస్ 14.4 డీబీఎం దాకా సిగ్నల్ అందితే చాలు. మైనస్ 13 దగ్గర, అంటే ఆ హద్దుకు కాస్తే పైన, ఊగిసలాడుతున్న లింకు ఈరోజు నడుస్తుంది, దుమ్ము తుఫాను వచ్చి సైట్‌లో ఎవరైనా ప్యాచ్‌కార్డ్ కదిపిన రోజున పడిపోతుంది. అది ముందే చూసి చెప్పేవాడు జూనియర్ అయినా సరే, అతని మాటకు విలువ ఉంటుంది.

అసలు చదువు రాత్రిపూట

ఈ ఉద్యోగంలో నిజంగా పని నేర్పేది కట్‌ఓవర్ రాత్రులే. అర్ధరాత్రి దాటాక ట్రాఫిక్ తగ్గిన సమయంలో పాత రౌటర్ నుంచి కొత్త రౌటర్‌కు లింకులు మార్చాలి. తెల్లవారేలోపు అంతా నిలబడాలి. ప్రతి అడుగు ఎంవోపీలో (పని ఎలా చేయాలో రాసిన పత్రం) రాసి ఉంటుంది: ప్రీచెక్, బ్యాకప్, మార్పు, పోస్ట్‌చెక్, ఏ సమయం దాటితే రోల్‌బ్యాక్ చేయాలన్నది, అంటే పాత స్థితికి తిప్పేయాలన్నది. కస్టమర్ రాతపూర్వక అనుమతి లేకుండా లైవ్ పరికరంలోకి లాగిన్ కావడానికే వీల్లేదు. ఈ నియమం మీరినందుకు ఉద్యోగం పోయిన మంచి ఇంజనీర్లను నేను చూశాను. నైపుణ్యం ఎంతున్నా ఇందులో మినహాయింపు లేదు.

ఒక రాత్రి సంగతి వివరంగా చెబుతాను, పని ఎలా ఉంటుందో మీకు కళ్లకు కట్టాలని. ఒక అగ్రిగేషన్ సైట్‌లో (చాలా టవర్ల లింకులు వచ్చి కలిసే చోటు) వేరే కంపెనీ పాత రౌటర్ తీసేసి చైనా రౌటర్ పెట్టాం. అవతలి చివర మాత్రం పాత కంపెనీదే ఉంది. లింకు మారింది, ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు పంచుకునే ప్రోటోకాల్) నైబర్ ఫుల్ స్టేట్‌కు వచ్చింది, అంటే రెండు రౌటర్లూ పూర్తిగా కలిశాయి, పింగ్ నష్టం లేకుండా వెళ్తోంది. కాల్స్ కలుస్తున్నాయి. అందరూ కుర్చీల్లో వెనక్కి వాలారు. చెక్‌లిస్టులో మిగిలిన వరుసలు పూర్తిచేస్తున్న ఒక జూనియర్, స్థానిక కుర్రాడు, "పెద్ద సైజు పింగ్ పోవడం లేదు" అన్నాడు. ఇంకొకసారి చూడమన్నాం. అదే ఫలితం. ఈలోగా ఫీల్డ్ నుంచి ఫోన్: వాట్సాప్ మెసేజ్ వెళ్తోంది, కానీ వెబ్‌పేజీ తెరుచుకోవడం లేదు.

కారణం ఎంటీయూ, అంటే పోర్టు పంపగల ప్యాకెట్ గరిష్ఠ సైజు. రెండు చివర్లలో వేర్వేరు విలువలున్నాయి. మామూలుగా ఎంటీయూ తేడా ఉంటే ఓఎస్‌పీఎఫ్ నైబర్ మధ్యలోనే ఆగిపోయి మనకు సంగతి తెలిసిపోతుంది. కానీ హువావే రౌటర్లు డీఫాల్ట్‌గా, నైబర్‌తో కలిసేటప్పుడు పంపే ఓఎస్‌పీఎఫ్ ప్యాకెట్లలో ఎంటీయూ విలువను సున్నా అని పంపుతాయి, అవతలివాళ్లు పంపిన విలువను సరిచూడవు. అందుకే తేడా ఉన్నా నైబర్ ఫుల్‌కు వచ్చేస్తుంది. మొబైల్ డేటా ప్యాకెట్ 1500 బైట్లు అనుకుంటే, దాని మీద జీటీపీ (మొబైల్ డేటాను మోసే ప్రోటోకాల్), యూడీపీ, ఐపీ హెడర్లు కలిపి ఇంకో 36 బైట్లు చేరతాయి. 1500 దగ్గరే ఆగిన పోర్టులోంచి అది వెళ్లదు. వాయిస్ ప్యాకెట్లు చిన్నవి కాబట్టి కాల్స్‌కు ఏమీ కాలేదు. ఎంటీయూ సరిచేయగానే అంతా నడిచింది.

ఆ కుర్రాడు ఆ చెక్ వదిలేసి "ఓకే" అని టిక్ పెట్టి ఉంటే, పొద్దున ఆఫీసు వేళకు ఆ ప్రాంతమంతా ఇంటర్నెట్ లేదని గగ్గోలు లేచేది. కాలేజీలో ఎంటీయూ గురించి ఒక్క పేరా చదువుతాం. ఆ రాత్రి అక్కడ కూర్చున్నవాళ్లెవరూ దాన్ని మళ్లీ మరిచిపోరు. నేను మొదట్లో చెప్పిన మొదటి షరతు ఇందుకే. ఇలాంటి రాత్రుల్లో మీకు కుర్చీ ఉండాలి.

ఇంకో చిన్న మాట. సౌదీకి షెన్‌జెన్ ఐదు గంటలు ముందుంటుంది. రియాద్‌లో రాత్రి రెండింటికి సమస్య వస్తే అక్కడ ఉదయం ఏడు. మూడున్నర, నాలుగు అయ్యేసరికి అక్కడి ఆర్ అండ్ డీ వాళ్లు సీట్లలో ఉంటారు. లాగ్‌లు, డయాగ్నస్టిక్ ఫైళ్లు ముందే తీసి పెట్టుకున్న టీమ్‌కు సాయం వెంటనే అందుతుంది. తీయకుండా "రౌటర్ పనిచేయడం లేదు" అని మెసేజ్ పెట్టేవాళ్లకు తెల్లారిపోతుంది. జూనియర్‌గా ఆ ఫైళ్లు సిద్ధంగా ఉంచే బాధ్యత మీరే అడిగి తీసుకోండి.

పని గంటలు: విన్నదాంట్లో ఎంత నిజం

చైనాలో '996' అనే మాట వినే ఉంటారు. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి 6 రోజులు. 2019లో అక్కడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే దీనికి వ్యతిరేకంగా ఆన్‌లైన్‌లో పెద్ద ఎత్తున గొంతెత్తారు. 2021 ఆగస్టులో చైనా సుప్రీం పీపుల్స్ కోర్టు, కార్మిక శాఖ కలిసి కొన్ని కేసులను ఉదాహరణలుగా విడుదల చేసి, ఇది చట్టవిరుద్ధమని స్పష్టంగా చెప్పాయి. అక్కడి కార్మిక చట్టం ప్రకారం ఓవర్‌టైమ్ నెలకు 36 గంటలు మించకూడదు. చట్టం అలా ఉన్నా ప్రాజెక్టు ఒత్తిడి పోలేదు, ఆ అలవాటు విదేశీ ప్రాజెక్టుల్లోకీ వస్తుంది.

మీకు వర్తించేది మాత్రం సౌదీ చట్టం. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. దాటితే ప్రతి గంటకూ గంట జీతంతో పాటు గంట బేసిక్‌లో సగం అదనంగా ఇవ్వాలి. ఏడాదికి కనీసం 21 రోజుల జీతంతో కూడిన సెలవు, ఐదేళ్లు నిండాక 30 రోజులు. ఆచరణలో చాలా ప్రాజెక్టుల్లో ఓవర్‌టైమ్ డబ్బుకు బదులు, రాత్రి పనిచేసిన మరుసటి రోజు కాంప్ ఆఫ్ ఇస్తారు. ఇవ్వడం వరకూ ఇస్తారు, ఆ రోజు మధ్యాహ్నం "ఒక్క చిన్న ఫైల్" అని ఫోన్ కూడా వస్తుంది. మొదటి నెలలోనే మర్యాదగా, గట్టిగా చెప్పాలి: "రాత్రంతా మేలుకున్నాను, సాయంత్రం ఐదుకు పంపుతాను." చెప్పినవాళ్లను ఎవరూ ఉద్యోగంలోంచి తీసేయలేదు. చెప్పనివాళ్లు ఏడాది తిరిగేసరికి ఒంట్లో బాగోలేక ఇంటికొచ్చేశారు.

వారం లెక్క కూడా తెలుసుకోండి. సౌదీలో శుక్ర, శనివారాలు సెలవు. చైనాలో శని, ఆదివారాలు. శుక్రవారం షెన్‌జెన్ పనిచేస్తుంటుంది, ఆదివారం కస్టమర్ పనిచేస్తుంటాడు. మీ చైనా మేనేజర్‌కు ప్రశాంతంగా దొరికేది శనివారం ఒక్కటే. శుక్రవారం మీ ఫోన్ మోగేది అందుకే.

రంజాన్ నెలలో జనం తెల్లవారుజాము దాకా మేలుకునే ఉంటారు కాబట్టి ట్రాఫిక్ పోకడే మారిపోతుంది, కట్‌ఓవర్ వేళలూ దాన్నిబట్టి జరుగుతాయి. హజ్ ముందు మక్కా, మదీనా వైపు నెట్‌వర్కులో మార్పులన్నీ ఆపేసి, ఉన్నదాన్ని కంటికి రెప్పలా కాపాడుకోవడమే పని. ముస్లిమేతరులు మక్కాలోకి వెళ్లడానికి లేదు కనుక, మీరు ముస్లిం కాకపోతే ఆ రోజుల్లో మీ డ్యూటీ రియాద్‌లోనో జెడ్డాలోనో మానిటరింగ్ స్క్రీన్ల ముందు ఉంటుంది.

ఆరోగ్యం, ప్రాణం: రాత్రి కట్‌ఓవర్ ముగిశాక కారు నడపకండి. ఇది మాత్రం నేను చేతులు జోడించి చెబుతున్నాను. ఎడారి రోడ్లు తిన్నగా, ఖాళీగా ఉంటాయి, కునుకు పట్టిందన్న సంగతి కూడా తెలియదు. కంపెనీ బండి, డ్రైవర్ అడగండి. లేదంటే సైట్‌లోనో దగ్గర్లో గదిలోనో పడుకుని పొద్దెక్కాక రండి. ఎండాకాలంలో సైట్‌కు వెళ్లాల్సి వస్తే, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పని చేయించడం అక్కడ నిషేధం. ట్రైనింగ్, సర్టిఫికెట్ లేకుండా టవర్ ఎక్కమంటే ఎక్కొద్దు. ఐపీ ఇంజనీర్ ఎక్కాల్సిన అవసరమే లేదు.

చైనా సహోద్యోగులు

మీ పక్కన కూర్చునే చైనా ఇంజనీర్ బహుశా మీకంటే మూడు నాలుగేళ్లే పెద్దవాడు. కొత్తగా పెళ్లయి ఉంటుంది, భార్య అక్కడే ఉంటుంది. స్ప్రింగ్ ఫెస్టివల్‌కు ఇంటికి వెళ్లే టికెట్ కోసం సంక్రాంతికి మన బస్సు టికెట్ల కోసం మనం పడే ఆరాటమే అతనూ పడతాడు. ఆ సెలవుల్లో ఆఫీసు సగం ఖాళీ అవుతుంది, నెట్‌వర్క్ మీ చేతుల్లో ఉంటుంది. జూనియర్‌కు పేరొచ్చే రోజులవే. ఆ సమయంలో సెలవు అడక్కుండా ఉంటే, దసరాకు మీరు అడిగినప్పుడు కాదనరు.

మధ్యాహ్నం తిన్నాక లైట్లు ఆపేసి మడత మంచాలు వేసుకుని కాసేపు పడుకుంటారు. ఆ సమయంలో ఫోన్‌లో గట్టిగా మాట్లాడకండి, మీరూ కళ్లు మూసుకోండి. రాత్రి పని ఉన్న రోజు ఆ నిద్రే మిమ్మల్ని నిలబెడుతుంది. చాలామందికి ఇంగ్లిష్ మాట్లాడడం కంటే రాయడం తేలిక. అందుకని ముఖ్యమైన మాట ఏదైనా నోటితో చెప్పి ఊరుకోకుండా చాట్‌లోనో మెయిల్‌లోనో రెండు వాక్యాలు రాసిపెట్టండి. రేపు "నువ్వు చెప్పలేదు" అనే గొడవ రాదు. వీచాట్ మన దేశంలో 2020 జూన్‌లో నిషేధించిన 59 యాప్‌లలో ఉంది కాబట్టి మీకు అలవాటు ఉండకపోవచ్చు. అక్కడ గ్రూపులన్నీ దాదాపు అందులోనో, కంపెనీ సొంత యాప్‌లోనో ఉంటాయి.

పై పదవుల సంగతి కూడా దాచను. ప్రాజెక్టు స్థాయిలో టీమ్ లీడ్, టెక్నికల్ లీడ్ దాకా మనవాళ్లు వెళ్తున్నారు. ఆపైన నిర్ణయాలు జరిగే మీటింగులు చైనీస్‌లోనే నడుస్తాయి. హువావేలో ఉద్యోగుల షేర్ల పథకం కూడా చైనా ఉద్యోగులకే. పదిహేనేళ్లు ఒకే చోట ఉండి డైరెక్టర్ కావాలనుకుంటే ఇది సరైన దారి కాదు. పని నేర్చుకుని, డబ్బు కాస్త కూడబెట్టి, ఆపరేటర్ వైపుకో వేరే వెండర్‌కో (పరికరాలు అమ్మే కంపెనీ) వెళ్లాలనుకునేవాళ్లకు చక్కగా పనికొస్తుంది.

"చైనా పరికరాలే వస్తాయి, ఇంకెక్కడా పనికిరాం" అన్న భయం

ఇది చాలావరకు నిజం కాదు. ఓఎస్‌పీఎఫ్, ఐఎస్-ఐఎస్, బీజీపీ, ఎంపీఎల్ఎస్ లాంటి నెట్‌వర్క్ ప్రోటోకాల్స్ ఏ కంపెనీ సొత్తూ కాదు. మారేది కమాండ్లు. మీరు సిస్కోలో 'షో' అని కొట్టేచోట హువావేలో 'డిస్‌ప్లే', 'నో' బదులు 'అన్‌డూ', 'కాన్ఫిగర్ టెర్మినల్' బదులు 'సిస్టమ్-వ్యూ'. వారంలో వేళ్లకు అలవాటైపోతుంది. కొత్త తరం రౌటర్లలో మీరు కొట్టిన మార్పు 'కమిట్' చేసేదాకా అమల్లోకి రాదు. బ్రాకెట్‌లో రౌటర్ పేరు ముందు అల గుర్తు (~) ఉంటే అంతా కమిట్ అయినట్టు, అది నక్షత్రం గుర్తుగా (*) మారితే కమిట్ కాని మార్పు ఉన్నట్టు. లాగిన్ అయిన ప్రతిసారీ ఆ ఒక్క గుర్తు మీద కన్ను వేయడం అలవాటు చేసుకోండి. అలాగే 'కమిట్ ట్రయల్' నేర్చుకోండి. ఇచ్చిన సమయంలోపు మీరు ఖాయం చేయకపోతే రౌటర్ తనంతట తానే పాత స్థితికి వెళ్తుంది. దూరంగా ఉన్న సైట్ మీద పనిచేస్తూ లింకు తెగిపోయినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

నిజమైన ప్రమాదం వేరే ఉంది. రెండేళ్లు ఎక్సెల్ షీట్లు, ఫోటో రిపోర్టులు మాత్రమే చేసి, రెజ్యూమేలో "ఐపీ ఇంజనీర్" అని రాసుకుని ఇంటర్వ్యూకు వచ్చేవాళ్లు నాకు తరచూ కనిపిస్తారు. "మీ నెట్‌వర్కులో రూట్ రిఫ్లెక్టర్ ఎక్కడ పెట్టారు, ఎందుకు అక్కడే?" అని అడిగితే జవాబు ఉండదు. తప్పు వాళ్లది కాదు, అలాంటి సీటులో కూర్చోబెట్టారు. చేరాక ఆరు నెలలకు కూడా రాత్రి పనుల్లోకి పిలవకపోతే మేనేజర్‌ను నేరుగా అడగండి. ఏడాదికి కూడా మార్పు లేకపోతే వేరే చోటు చూసుకోవడం మొదలుపెట్టండి.

సర్టిఫికెట్లలో చేరిన మొదటి ఏడాదే హువావే వాళ్ల హెచ్‌సీఐపీ డేటాకామ్ పూర్తిచేయండి, ప్రాజెక్టులో దానికి గౌరవం ఉంది. దాంతోపాటే సిస్కో లేదా జునిపర్‌లో అదే స్థాయి ఒకటి పెట్టుకోండి. వేరే వెండర్ ఇంటర్వ్యూకు పిలవడానికి అది దారి తెరుస్తుంది. పైథాన్‌తో స్క్రిప్టులు రాయడం వస్తే పోర్టు షీటుల పని గంటల నుంచి నిమిషాలకు దిగుతుంది, మిగిలిన సమయంలో ప్రొడక్ట్ డాక్యుమెంటేషన్ చదవండి. ఆ డాక్యుమెంట్లు పెద్దవి, ఇంగ్లిష్ కొంచెం వంకరగా ఉంటుంది, కానీ లోపల ఉన్న సమాచారం బంగారం.

పేరోల్, వీసా: ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు

చైనా కంపెనీ ప్రాజెక్టు అన్నంత మాత్రాన మీరు చైనా కంపెనీ ఉద్యోగి అయినట్టు కాదు. మూడు రకాలుంటాయి. నేరుగా కంపెనీ ఉద్యోగులు కొందరు. కంపెనీ కోసం మనుషుల్ని సరఫరా చేసే థర్డ్ పార్టీ పేరోల్ మీద ఉండేవాళ్లు చాలామంది. పని మొత్తాన్నీ కాంట్రాక్టు తీసుకున్న సబ్‌కాంట్రాక్టర్ మనుషులు ఇంకొందరు. పక్కపక్కనే కూర్చుంటారు, మెడలో కార్డు రంగు వేరు. థర్డ్ పార్టీ అయినా పని మంచిదైతే తప్పేమీ లేదు, నా టీమ్‌లో సగంమంది అలాంటివాళ్లే. ప్రాజెక్టు ముగిస్తే ఏమవుతుందో, జీతం ఆలస్యమైతే ఎవరిని అడగాలో మాత్రం ముందే తెలియాలి.

వీసా విషయంలో రాజీ వద్దు. "ముందు విజిట్ వీసా మీద రండి, అక్కడికొచ్చాక మారుస్తాం" అంటే అక్కడితో ఆపేయండి. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ చట్టవిరుద్ధం, పట్టుబడితే నష్టపోయేది మీరే. వర్క్ వీసాలో వృత్తి పేరు ఇంజనీర్ అనే ఉండాలి. దానికి సౌదీ కౌన్సిల్ ఆఫ్ ఇంజనీర్స్‌లో రిజిస్ట్రేషన్ కావాలి, అందుకు డిగ్రీ ధ్రువీకరణ చేయించాలి. ఆ కాగితాలకు సమయం పడుతుంది కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి. వేరే చిన్న వృత్తి పేరు మీద తీసుకెళ్తే తర్వాత మార్చుకోవడానికి నానా తంటాలు పడాలి.

ఇకామా (సౌదీలో ఉండడానికి ఇచ్చే నివాస అనుమతి), వర్క్ పర్మిట్ ఖర్చులు కంపెనీవే, మీ జీతంలో కోయకూడదు. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. కాంట్రాక్టు కివా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో నమోదవుతుంది. ఆఫర్ లెటర్‌లో చెప్పిన అంకెలే అందులోనూ ఉన్నాయో చూసుకునే ఆమోదించండి. బేసిక్ ఎంత, ఇంటి అలవెన్స్ ఎంత అని విడివిడిగా చూడండి, ఎందుకంటే ఓవర్‌టైమ్‌లో కలిపే అదనపు భాగం బేసిక్ మీద లెక్కిస్తారు. ఉద్యోగం ముగిసినప్పుడు వచ్చే సర్వీస్ డబ్బు మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం చొప్పున. కానీ రెండేళ్లలోపు మీరే రాజీనామా చేస్తే ఏమీ రాదు, రెండు నుంచి ఐదేళ్ల మధ్య అయితే మూడో వంతు. మానేసే తేదీ నిర్ణయించుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఏజెంటు ద్వారా వెళ్తుంటే, అతను భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టరైన ఏజెంటేనా చూడండి. సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకంటే తీసుకోవడానికి అతనికి హక్కు లేదు. లక్షలు అడిగితే అక్కడే తెలిసిపోతుంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాల విషయాలు చూస్తుంది, కాగితాల మీద అనుమానం ఉంటే అక్కడ అడగొచ్చు.

అమ్మ గురించి. కరీంనగర్ జిల్లాలో గల్ఫ్ అంటే ఇళ్లలో ఎందుకు భయపడతారో నాకు తెలుసు. ఏజెంట్ల చేతిలో మోసపోయినవాళ్లు, జీతాలు అందక ఇరుక్కున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆమె భయానికి కారణం ఉంది, కొట్టిపారేయకండి. కాంట్రాక్టు, వీసా కాగితం ఆమె ముందు పెట్టి, పై విషయాలు ఒక్కొక్కటీ తెలుగులో చదివి చెప్పండి. మొదటి సెలవు ఎప్పుడు వస్తుందో చెప్పండి. ఆమె అడిగే ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోతే, ఆ ప్రశ్నే హెచ్ఆర్‌కు పంపండి.

హెచ్ఆర్‌కు మెయిల్ ఇలా రాయండి: నా పేరోల్ ఏ కంపెనీది, వీసాలో వృత్తి పేరు ఏమిటి, బేసిక్ ఎంత, రాత్రి పనికి డబ్బా కాంప్ ఆఫ్ఫా, ప్రాజెక్టు మధ్యలో ఆగితే నన్ను ఏం చేస్తారు, కట్‌ఓవర్ టీమ్‌లో నాకు ఏ పాత్ర ఉంటుంది. చివరి ప్రశ్న హెచ్ఆర్‌కు అర్థం కాకపోవచ్చు, అప్పుడు టెక్నికల్ మేనేజర్‌తో పది నిమిషాలు మాట్లాడించమనండి. మాట్లాడించడానికి ఇష్టపడకపోతే అది రిపోర్టుల సీటే అనుకోండి. జవాబు వచ్చాక కంపెనీ పేరు, మీ వివరాలు చెరిపేసి ఆ క్లాజులు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.